పొట్లం చదివే పెద్దకోడలు

వాకిట్లో ముగ్గు వేసి లోపలికి వచ్చేసరికి అత్తగారు నిర్మలాదేవి బిస్కెట్ పొట్లాన్ని కళ్లజోడుకు ఆనించి మరీ చూస్తున్నారు. నాగలతకు పొద్దున్నే కడుపు మండింది.

"నాగలతా, ఈ ఇంగ్లీషు జర చదివి పెట్టమ్మా."

"పచ్చ చుక్క ఉన్నది గదా అత్తయ్యా, ఇంకేం చదవాలె?"

"చుక్క ఒక్కటే చాలదంట. సువాసనకు కలిపే వాటిల్లో ఒక్కోసారి సారా ఉంటదంట. పాపం, నస్రీన్ తినేది, చూసుకోవద్దా?"

నస్రీన్ చిన్నకోడలు. మరిది నాని కొత్తగూడెంలో ప్రేమించి, రిజిస్టర్ పెళ్లి చేసుకుని తెచ్చిన పిల్ల. 'తురకల పిల్లనా!' అని అన్నం మానేసి అలిగిన అత్తగారే, ఏడాది తిరక్కుండా ఇలా మారిపోయారు. కోడిమాంసం కూడా ఇప్పుడు బూర్గంపాడులో హలాల్ చేసే కొట్టు నుంచే వస్తోంది. అంతవరకు నాగలత సర్దుకుంది. కానీ ఆ పిల్ల నోట్లోకి వెళ్లే ప్రతి పొట్లాన్నీ తన చేత చదివించడం పుండు మీద కారం చల్లినట్టే ఉంది. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా? తాను కాపురానికి వచ్చి పదేళ్లు దాటింది. తన కంచంలోకి ఒక్కసారైనా తొంగిచూసిన వాళ్లున్నారా?

"ఏం లేదు, తినొచ్చు," అని పొట్లాన్ని బల్ల మీద విసిరినట్టే పెట్టింది.

ఆ మధ్యాహ్నం బీరువా సర్దుతుంటే, భర్త మురళీకృష్ణ కూతురి కోసం ఖమ్మం నుంచి తెచ్చిన జెల్లీ బిళ్లల సంచి చేతికి తగిలింది. వెనక గోధుమరంగు మాంసాహార గుర్తు. కింద జెలటిన్ అని రాసి ఉంది. దాన్ని జంతువుల తోలు, ఎముకల నుంచి తీస్తారని, ఏ జంతువో, ఎలా కోశారో తెలియనిది తను ముట్టనని నస్రీన్ ఒకసారి చెప్పింది. నాగలత ఒక్క క్షణం ఆగింది. ఆగినా అసూయ ఆగలేదు. బిళ్లలన్నీ పళ్లెంలో పోసి, సంచిని చెత్తబుట్ట అడుక్కి తోసింది.

వసారాలో బట్టలు మడతపెడుతున్న నస్రీన్ ముందు పళ్లెం పెట్టింది. నస్రీన్ నవ్వుతూ ఒకటి తీసుకుంది. నాగలతకు నోరు ఆగలేదు.

"అదేందో అడగవా?"

"నువ్ పెట్టినంక అడుగుడేందక్కా? అత్తమ్మ తెస్తే భయం, ఆమెకు ఇంగ్లీషు రాదు. నువ్ చదివే పెడ్తవ్."

బిళ్ల పెదవుల దాకా వెళ్లింది. నాగలత గబుక్కున ఆ చేతిమీద కొట్టింది. పళ్లెం జారి బిళ్లలు నేలంతా దొర్లాయి.

"ఏందమ్మా, ఏమైంది?" అంటూ నిర్మలాదేవి పరుగున వచ్చారు.

"గవి తను తినేవి కావు. తెలిసే పెట్టిన."

"ఎంత పని చేసినవే! ఆ పిల్ల నీకేం అన్యాయం చేసింది?"

"తను చెయ్యలె, మీరే చేసిన్రు!" నాగలత అరిచింది. "వంకాయ తింటే నాకు ఒళ్లంతా దద్దుర్లు. మీరు వండిన నాడల్లా మజ్జిగన్నం తిని లేచిన. మీకెరుకనా? తనకోసం ప్రతి పొట్లం నాతోనే చదివిస్తిరి. నా సంగతి ఎన్నడన్నా అడిగిన్రా?"

నిర్మలాదేవి అక్కడే కూలబడ్డారు. "వేరే పద్ధతుల పిల్ల గదా, ఎక్కడ తప్పు చేస్తమో అని భయపడి ఆమెను అడిగిన. నువ్ మన పిల్లవేనాయె, మేం తినేదే తింటవనుకున్న. గట్ల అనుకుని నిన్ను చూసుడే మానేసిన. తప్పు నాదే బిడ్డా."

నస్రీన్ కళ్లు ఎర్రబడ్డాయి. "కోపముంటే తిట్టక్కా, పడ్త. ఆ కోపం తిండిల మాత్రం పెట్టకు."

నాగలత రెండు చేతులతో ఆమె చేయి పట్టుకుంది. "తప్పైంది నస్రీన్. ఇంకెన్నడూ చెయ్య." నస్రీన్ చేయి వెనక్కి తీసుకోలేదు.

నిర్మలాదేవి చెంగుతో కళ్లు ఒత్తుకుని లేచారు. "ఈ పూట నీకిష్టమైనదే వండుత. ఏం తింటవో చెప్పు."

నాగలత నోరు తెరిచింది. మామగారికి ఏది ఇష్టమో, భర్తకు ఏది ఇష్టమో, కూతురు ఏది వదిలేస్తుందో అన్నీ తెలుసు. తనకేది ఇష్టమో మాత్రం ఎంత వెతికినా తట్టలేదు.

"గుర్తొస్తలేదు అత్తయ్యా," అని అత్తగారి భుజం మీద వాలి బావురుమంది.