నట్టింటి గోడ

2094 నాటికి బీమా సంస్థలు కాలిన ఇంటికి డబ్బివ్వడం మానేశాయి. ఇంటినే తిరిగి ఇస్తున్నాయి. డాక్టర్ కువలయ తయారుచేసిన భస్మపఠని అనే యంత్రం మసి పొరల్నీ బూడిద కణాల్నీ స్కాన్ చేసి, ఏ గోడ ఎక్కడుండేదో, దాని మీది సున్నం ఎన్నేళ్ల నాటిదో చదివేది. తర్వాత ప్రింటర్ చేతులు చాచి, నిప్పుకు ముందున్న ఇంటిని నిలబెట్టేది. పాత ఇంటికి పాత ఇల్లే. పెచ్చులూడిన చోట పెచ్చులూడే ఉంటుంది. ఏదైనా వద్దనుకుంటే యజమానులందరూ ఒకరి ఎదుట ఒకరు నోటితో చెప్పాలి. ఒకరు ఊళ్లో లేనప్పుడు మరొకరు ఇల్లు మార్పించుకున్న కేసులు వచ్చాక పెట్టిన నియమమది.

విజయనగరంలో సౌర బ్యాటరీ పేలి కాలిపోయిన ఇంటికి యజమానులు ఇద్దరు తోటికోడళ్లు, జోషిత, లాస్య. ఇద్దరికీ డెబ్బై దాటాయి. వాళ్ల భర్తలు అన్నదమ్ములు. వాటాల తగాదాలో నట్టింట గోడ కట్టారు. తర్వాత ఇద్దరూ పోయారు, గోడ మిగిలింది. మంటల్లో అదీ కూలింది.

మరమ్మతు అయ్యేదాకా సంస్థ ఇచ్చిన ఒంటిగది షెడ్డులో తోటికోడళ్లిద్దరూ ఒకే పొయ్యి మీద వండుకున్నారు. మర్నాడు మొదలయ్యే పని గురించి చెప్పడానికి కువలయ వెళ్లేసరికి భోంచేస్తున్నారు.

"పులుసులో ఇంత బెల్లమేటే? పాయసమనుకున్నాను" అంది జోషిత.

"మరి మూడోసారి పోసుకున్నావేటక్కా?" అంది లాస్య.

"ఇన్నేళ్లూ గోడవతల్నుంచి వాసనే చూశానే. ఇప్పుడైనా తిననీ."

తిరిగి వెళ్తున్న కువలయను జోషిత వాకిట్లో ఆపింది. "ఆ గోడ నాకక్కర్లేదమ్మా. నేనన్నానని దానికి మాత్రం చెప్పకు. పెద్దదాన్నయ్యుండి దేబిరించానంటుంది."

సాయంత్రం లాస్య ఫోన్ చేసింది. "గోడ లేకపోతే బాగుణ్ణు మేడమ్. కానీ చిన్నదాన్ని, నేనెలా అడుగుతాను? అక్క వాటా మీద కన్నేశాననుకోదూ? నా పేరెత్తకండి."

ఇద్దరికీ చెప్పనని మాటిచ్చింది కువలయ. ఇద్దరి కోరికా ఒకటే కదా, రేపు బయటపడుతుందిలే అనుకుంది.

మర్నాడు యంత్రం అడిగింది: "నట్టింటి గోడ కట్టమంటారా, వదిలెయ్యమంటారా?"

జోషిత లాస్య వైపు చూసింది. లాస్య నేల చూపులు చూసింది.

"ఉన్నదున్నట్టే కట్టండి" అంది జోషిత చివరికి. "నా మూలంగా దానికి ఇబ్బందెందుకు?"

"అక్క ఎలాగంటే అలాగే."

"అమ్మా, మీరిద్దరూ..." అని కువలయ మొదలుపెట్టింది. రెండు జతల కళ్లు ఒక్కసారే ఆమె మీదికి తిరిగాయి. రెంటిలోనూ ఒకే భయం, ఒకే బతిమాలుకోలు. ఆమె ఆగిపోయింది. కాలిపోయినదాన్ని చదవడం తాను యంత్రానికి నేర్పింది. కాలిపోవడమే మేలని మనిషి లోలోపల అనుకున్నదాన్ని ఏ బూడిదలో చదవాలి?

గోడ పొర మీద పొరగా లేచింది. మోకాలెత్తున ఉన్నప్పుడు ఎవరైనా దాటొచ్చు. ఎవరూ దాటలేదు.

"తడిగా ఉందక్కా, ఆనుకోకు" అంది లాస్య అటువైపు నుంచి.

"నువ్వూ జాగ్రత్తే."

నడుమెత్తయింది. తర్వాత తలలు దాటింది. ఒకరి మొహం ఒకరికి కనబడలేదు.

పని పూర్తయ్యాక యంత్రం ఆఖరి ప్రశ్న వేసింది: "అంతా మునుపటిలాగే ఉందా?"

"ఉంది" అన్నాయి గోడకు చెరోవైపు నుంచి రెండు గొంతులు.

నష్టం పూర్తిగా పూడిందని భస్మపఠని నమోదు చేసింది.