అవతలి వైపు తాళం

రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం రెండు దాటితే వీధిలో కుక్క కూడా కనపడదు. తలుపులు వేసుకుని, కిటికీలకు తడిపిన గోనెపట్టాలు కట్టుకుని ఇంట్లో కూర్చుంటాం. ఆ రోజూ అంతే. మా అబ్బాయి దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీకి వెళ్ళాడు. వెనకగదిలో చీర ఉయ్యాలలో నాలుగు నెలల మనవరాలు నిద్రపోతోంది. ముందుగదిలో నేను, కోడలు ధరణి.

ధరణి ఇంటి నుంచే కంపెనీ పని చేస్తుంది. ఆ పనేమిటో అర్థమయ్యేదాకా నేను వదల్లేదు, నాలుగుసార్లు చెప్పించుకున్నాను. ఫోన్లు ఒకదానికొకటి పంపుకునే మాటలు తాళం వేసుకుని పోతాయట. వాటిని దారిలో పట్టుకుని, తాళంచెవి ఇస్తే విప్పి చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అది సరిగా విప్పుతోందో లేదో పరీక్షించి బాగుచేయడం ఆమె ఉద్యోగం. మాటల మధ్యలో ఫోన్లు తాళం మార్చుకుంటాయి. అక్కడికొచ్చేసరికి అది తికమకపడి పిచ్చిగీతలు చూపిస్తోంది. రెండు నెలలుగా ధరణి దాని మీదే కూర్చుంది.

"మామయ్యా, ఇంకో ఫోను కావాలి. అత్తయ్యది ఇస్తారా?"

నా భార్య లూర్దమ్మ పోయి ఏడాది దాటింది. సిమ్ము తీసేశారుగానీ, ఆ ఫోనుకు చార్జింగు పెట్టడం నేను మానలేదు.

"దాన్ని ఎవరూ ముట్టుకోవద్దన్నానా?"

"కొరుక్కు తిననులెండి. గంటలో ఇచ్చేస్తా."

"ఏందమ్మా నీ గోల! ఒక్క గీత పడిందంటే ఊరుకోను" అని తెచ్చి ఇచ్చాను.

ధరణి తన ఫోను నెట్టు దానికిచ్చి, లూర్దమ్మ ఫోను నుంచి తన ఫోనుకు వరసగా అంకెలు పంపింది. ల్యాప్‌టాప్ తెర మీద అవే అంకెలు విచ్చుకున్నాయి. అయిదు దగ్గర తాళం మారింది. ఆరు కూడా శుభ్రంగా వచ్చింది. ధరణి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"ఈ ఫోను పంపేవి విచ్చుకుంటున్నాయి మామయ్యా! దీనికి వచ్చే జవాబులకు తాళం వేరు. అవి రేపు చూస్తా."

అంతలో కరెంటు పోయింది. ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది. చీకటి గదిలో ల్యాప్‌టాప్ వెలుగొక్కటే. గోనెపట్టాల తడి వాసన. ఎక్కడా ఏ చప్పుడూ లేదు.

తెర మీద ఇంకో వరస విచ్చుకుంది.

రెండు ఫోన్లూ బల్ల మీదే ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు.

"ఇది నేను పంపలేదే..." అంది ధరణి. తెలుగు అక్షరాలు. వాళ్ళ నాన్న రైల్వేలో పనిచేయడంతో ఆమె నాగపూర్‌లో పెరిగింది. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. "చదవండి మామయ్యా."

నలభై ఏళ్ళ వయసులో, రాత్రిబడిలో లాంతరు కింద నేర్చిన చదువు నాది. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చదువుతాను.

"పా... ప... లే... చిం... ది."

వెనకగదిలో పాప కేరుమంది.

ధరణి నవ్వబోయింది. "మీ అబ్బాయి ఏదో తమాషా..." అంటూ లేచింది. ఇంకో వరస వచ్చింది.

"ఉండు, చదవనీ" అన్నాను. నా మొండితనం అది. మొదలుపెట్టిన వరస మధ్యలో వదలను. ఆ పూటైనా వదలాల్సింది.

"ఎ... త్తు... కు... న్నా... ను."

ఏడుపు ఆగిపోయింది.

దాని కింద అటునుంచి జవాబొకటి పడింది. పిచ్చిగీతలు. ఆ వెంటనే మళ్ళీ తెలుగు.

"ఇప్పుడే... తీసుకు... రానా?"

ధరణి కుర్చీ వెనక్కి పడింది. పరుగెత్తాం.

ఉయ్యాల ఊగుతోంది. ఎవరో గట్టిగా ఊపి వదిలినట్టు... పాప అందులోనే ఉంది. కళ్ళు తెరిచి, మా ఇద్దరినీ దాటి, మా వెనక్కి చూస్తోంది. ధరణి లాక్కున్నట్టు ఎత్తుకుంది. నేను పాప కాలు పట్టుకుని చూశాను. అంత వడగాడ్పులో కుండలో నీళ్ళలా చల్లగా ఉంది.

"లూర్దమ్మా... నువ్వేనా?" అన్నాను మెల్లగా.

ఆమే అయితే బాగుండునని నాకుంది. కానీ లూర్దమ్మ ఏ పనికీ ఎవరి అనుమతీ అడిగిన మనిషి కాదు.

తిరిగొచ్చేసరికి తెర మీద పిచ్చిగీతల జవాబొకటి, దాని కింద ఇంకో తెలుగు వరస ఉన్నాయి. "సరే. ఎప్పుడు?"

దాని కింద జవాబు. తాళం వేసుకుని.

తర్వాత ఇంకేమీ రాలేదు. ఫోను ఆపేసి, బ్యాటరీ పీకేశాను.

"దాన్ని విప్పొద్దమ్మా" అన్నాను.

"విప్పకుండా ఎట్లా మామయ్యా? అడిగింది నా బిడ్డ గురించి."

"తెలిస్తే మాత్రం ఏం చేస్తావు?"

ధరణి పాపను భుజాన వేసుకుని ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్ళింది.

తొమ్మిది రోజులు ఆ ఒక్క వరస మీదే కూర్చుంది, పాపను ఒళ్ళో పెట్టుకుని. అన్నం కూడా అక్కడే. నాచేత తెలుగు అక్షరాలు రాయించుకుని పక్కన పెట్టుకుంది. నిన్న సాయంత్రం కీబోర్డు చప్పుడు టక్కున ఆగింది. గుమ్మం దగ్గరికి వెళ్ళాను.

"విచ్చుకుందా?"

"లేదు మామయ్యా" అంది, నా వైపు చూడకుండా. ల్యాప్‌టాప్ మూసేసింది.

ఈ పొద్దున నెల మారిందని మే కాగితం తిప్పి చూస్తే, గోడ మీద క్యాలెండరులో జూన్ నెల కాగితం లేదు. ఏమైందని ధరణిని అడిగాను.

"పాప చింపింది మామయ్యా" అంది.

పాపకు ఇంకా బోర్లాపడటమే రాలేదు.