కుడివైపు గొట్టాలు

ఏజెంట్ కిరీటిని ఒక చిన్న ఎయిర్‌లైన్‌లో చొప్పించడానికి సీక్రెట్ డిపార్ట్‌మెంట్ నెలల తరబడి దొంగ చరిత్ర తయారుచేసింది. ఊరు, బడి, ఫ్లయింగ్ క్లబ్, ఆఖరికి తెగిపోయిన పెళ్లిసంబంధం కూడా! ఇంటర్వ్యూలో వాళ్లడిగింది ఒక్కటే. "యూనిఫాం సైజెంతండీ?"

కో-పైలట్లకి అంత కరువన్నమాట. లైసెన్స్ నిజమైందే. లేనిదల్లా అనుభవం. అది అక్కడ ఎవరికీ లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

డిపార్ట్‌మెంట్ చీఫ్ రామకోటేశ్వరరావు బ్రీఫింగ్ ముక్తసరిగా ముగించాడు.

"టార్గెట్ డాక్టర్ జ్యోతిర్మయి. డిఫెన్స్ సైంటిస్ట్. వారం వారం హైదరాబాద్ నుంచి గన్నవరం వస్తారు. విదేశీ ముఠా ఒకటి ఆవిడ్ని లేపేయాలని చూస్తోంది. యాక్సిడెంట్‌లా కనబడాలట."

"ఎలా సార్?"

"అది తేల్చడానికే నువ్వు. అక్కడ డ్యూటీలు వేసే రోస్టర్ ఆఫీసర్ స్టెల్లా మన మనిషే. 'పానకం తాగారా?' అంటుంది. 'సగం వదిలేశారండీ' అను."

స్టెల్లా మంగళగిరి నేతచీరలో, నల్లకళ్లద్దాలతో నడిచొస్తుంటే క్రూ రూమ్‌లో కబుర్లు ఆగిపోయేవి. ఆ పానకం మాట ఆమె నోట వింటే ఎవరికైనా దాహం వేస్తుంది. కిరీటికి మాత్రం ఆవలింత వచ్చింది.

ఏం చేస్తాడు పాపం! గన్నవరంలో ముగ్గురు కో-పైలట్లకి ఒకటే మంచం. ఒకడు డ్యూటీకి లేస్తే ఆ వెచ్చటి దుప్పట్లోకే ఇంకొకడు దూరాలి. చొక్కా గుండీలో దాచిన కెమెరాకి చిక్కింది ఏ ముఠా రహస్యమూ కాదు, కూర్చున్నచోటే కునికే కుర్రాళ్లు. సరిహద్దు అవతల గోళ్లు పీకినా నోరు విప్పనివాడు, ఇక్కడ ఎవరూ చెయ్యి వేయకుండానే మొద్దుబారిపోయాడు. అన్నం రుచి తెలిసేది కాదు. లేవగానే ఏ ఊళ్లో ఉన్నాడో తెలిసేది కాదు. బాధ కూడా వేసేది కాదు.

అక్కడో ఆచారం ఉంది. కెప్టెన్‌ని 'గురువుగారూ' అనాలి. గురువుగారి తప్పు కనబడితే చెప్పకూడదు, దగ్గాలి. ఆయన వినిపించుకోకపోతే 'ఒకసారి చూస్తారాండీ' అనాలి. అంతకుమించి మాట్లాడిన ఒకణ్ని కెప్టెన్ వీరభద్రయ్య మళ్లీ ట్రైనింగ్‌కి తగిలేశాడు. అప్పట్నుంచి కాక్‌పిట్‌లలో దగ్గులే తప్ప మాటల్లేవు.

"ముఠా ప్లాన్ రేపు ఆవిడ తిరుగు ఫ్లైట్‌కి," అని స్టెల్లా రహస్యంగా చెప్పింది. "ఇవాళ మీరు హాయిగా వెళ్లిరండి." ఆ పొద్దున వీరభద్రయ్య పక్కన కిరీటిని వేసింది ఆమే.

హైదరాబాద్‌లో విమానం ఎక్కుతూ డాక్టర్ జ్యోతిర్మయి అతని మొహం చూసి ఆగింది. "కాస్తయినా పడుకున్నావా నాయనా?" ఆ ప్రశ్న ఈ ఉద్యోగంలో అతన్ని ఎవరూ అడగలేదు.

విజయవాడ దగ్గరపడేసరికి కిందంతా పొగమంచు. దాంట్లోంచి ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు మాత్రం తలలు పైకెత్తి ఉన్నాయి. కిరీటి వాటిని మత్తుగా చూశాడు. రోజూ అవి ఎడమవైపు, కెప్టెన్ కిటికీలో కనబడాలి. ఇవాళ తన కిటికీలో ఉన్నాయి!

స్క్రీన్ మీద మాత్రం విమానం సరిగ్గా దారిలోనే ఉంది. అంటే ఎవరో దొంగ సిగ్నల్‌తో దాన్ని ఏమారుస్తున్నారు. ఎదురుగా, ఆ మంచులో, కొండపల్లి కొండలు.

నేల దగ్గరపడిందని వార్నింగ్ అరిచింది. ఈమధ్య అది ఊరికే అరుస్తోంది, నమ్మొద్దని కంపెనీయే చెప్పింది. వీరభద్రయ్య దాని నోరు నొక్కేశాడు. వారమంతా ఎగిరి ఆయన కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

కిరీటి దగ్గాడు.

"జలుబా?"

"గురువుగారూ, ఒకసారి చూస్తారాండీ? గొట్టాలు..."

"స్క్రీన్ చూడవయ్యా, స్క్రీన్! లైన్ మీదే ఉన్నాం."

భయం రావాల్సిన చోట కిరీటికి ఏమీ రాలేదు. చచ్చిపోతానన్నదానికంటే పెద్దాయన ఏమనుకుంటాడోనన్నదే పెద్దగా అనిపించింది. ఛీ, ఇదా నా బతుకు! వెనక డెబ్బైమంది ఉన్నారు. పడుకున్నావా నాయనా అన్నావిడ ఉంది.

"ఐ హావ్ కంట్రోల్!"

థ్రాటిల్స్ ముందుకు తోసి విమానం ముక్కు పైకెత్తాడు. మంచు చిరిగి చక్రాల కింద చెట్ల కొమ్మలు, రాళ్లు కనబడ్డాయి. రాసుకుపోతాయేమో అన్నంత దగ్గరగా కిందికి జారిపోయాయి. విమానం మంచు దాటి ఎండలోకి వచ్చింది.

"గొట్టాలు నీ వైపున్నాయా?" అని వీరభద్రయ్య అడిగాడు.

"అవునండీ."

"మరి అంత మెల్లగా చెప్తావేంటయ్యా!"

మంచు విడిచాక, కళ్లతో రన్‌వే చూసుకుని దిగారు. పెన్నులో దాచిన ట్రాన్స్‌మిటర్‌లో కిరీటి ఒక్కటే మాట అన్నాడు. "డబుల్ ఏజెంట్ స్టెల్లా." రేపని నమ్మించి ఇవాళ తనని ఈ విమానం ఎక్కించింది ఆమే మరి.

సిగ్నల్ మిషన్ ఉన్న వ్యాన్ కొండపల్లి రోడ్డు మీద దొరికింది. స్టెల్లా పార్కింగ్‌లో దొరికింది. బేడీలు వేస్తున్నా ఆమె కళ్లద్దాలు తీయలేదు.

"నువ్వు ఏజెంట్‌వని తెలిసే నిన్ను వేశాను," అంది కిరీటితో. "ఈ డ్యూటీలు చేశాక ఎవడూ నోరెత్తడనుకున్నాను."

"నేనూ అలాగే అనుకున్నాను," అన్నాడు కిరీటి.

చీఫ్ వచ్చి భుజం తట్టాడు. "శభాష్! మిషన్ అయిపోయింది. ఇక పడుకో." అంతలో కిరీటి ఫోన్ మోగింది. విని, టోపీ తీసుకుని లేచాడు.

"ఎక్కడికి?"

"మధ్యాహ్నం ఫ్లైట్‌కండీ. నన్నే వేశారట."

"ఎవరు?"

"స్టెల్లా."

"ఆమె లోపలుంది కదయ్యా!"

"రోస్టర్ బయటే ఉందండీ."