మల్లికార్జున్‌కి బ్లాకర్లు లేవు

మల్లికార్జున్‌తో నా మొదటి గొడవ పదకొండు మంది ముందు జరిగింది. బెంగళూరులోని మా ఆఫీసులో రోజూ పదింటికి అందరం గుండ్రంగా నిలబడి మూడు ముక్కలు చెప్పాలి. నిన్నేం చేశాం, ఇవాళేం చేస్తాం, పనికి అడ్డమేముంది. ఈ తంతు పేరు స్టాండప్. ఆ అడ్డం పేరు బ్లాకర్. చేరిన మూడో రోజు నేను అమాయకంగా నిజం చెప్పేశాను.

“నాకొక బ్లాకర్ ఉంది. మల్లికార్జున్ గారు. సర్వర్‌లోకి ఇంకా యాక్సెస్ ఇవ్వలేదు.”

మిగతా తలలన్నీ ఆయన వైపు తిరిగాయి.

తర్వాత టీ మెషీన్ దగ్గర ఆయన నన్ను పట్టుకున్నాడు.

“వర్షిణి గారూ, ఆ మాట అట్ల వాడొద్దండి. సర్వర్ పడిపోతే ఇష్యూ అనాలి. క్లయింట్ పలకకపోతే డిపెండెన్సీ. బ్లాకర్ అంటే మనకు చేతకాలేదని.”

“మరి బ్లాకర్ ఎప్పుడనాలి?”

“‘నో’ తర్వాత.”

ఆ జవాబుకే పడిపోయాను. లాప్‌టాప్ రెండు రోజులు ఆన్ కాకపోయినా “నో బ్లాకర్స్” అన్న మహానుభావుడు. అలాంటివాణ్ణి ప్రేమిస్తే ఏమవుతుందో పెళ్ళి మాట వచ్చాక తెలిసింది.

మా నాన్నకు కాటన్‌పేటలో ఊదుబత్తుల అంగడి. ఈయన్ని చూసి సరేనన్నాడు. ఒక్కటే షరతు, వాళ్ళమ్మ ఫోన్ చేసి మాట్లాడాలి. వాళ్ళమ్మ ఛాయాదేవి గారు జడ్చర్లలో లెక్కల టీచరు. ఈయన ఆమెకు నా పేరు కూడా చెప్పలేదు.

నెల గడిచింది. గురువారం నాన్న అన్నాడు. “ఆ పిల్లోడు యాడుండాడమ్మా? వాళ్ళమ్మ ఫోన్ చేస్తాదని రోజూ చెప్తాండావు. ఆదివారం ఆనేకల్ వాళ్ళు నిన్ను చూసేదానికి వస్తాండారు.”

శుక్రవారం లిఫ్ట్‌లో అడిగాను. “మీ అమ్మకు చెప్పావా?”

“ప్రోగ్రెస్‌లో ఉంది.”

“మంచిది. ఆదివారం ఆనేకల్ అబ్బాయి వస్తున్నాడు. నేను కూడా నో బ్లాకర్స్ అని చెప్పేస్తాను.”

స్టాండప్‌లో ఆయన వంతు వచ్చింది. “నిన్న లాగిన్ పేజీ అయిపోయింది. ఇయ్యాల టెస్టింగ్.” ఆగాడు. “బ్లాకర్ ఉంది.”

మా మేనేజర్ రియాజ్ ఫోన్‌లోంచి తలెత్తాడు. రెండేళ్ళలో ఈ మనిషి నోట ‘నో’ లేకుండా ఆ మాట రాలేదు.

“ఏంటది?”

“వర్షిణిని పెండ్లి చేసుకుంటనని మా అమ్మకు చెప్పలేకపోతున్న. భయమైతుంది.”

“మల్లీ, దీన్ని ఆఫ్‌లైన్‌లో, తర్వాత విడిగా మాట్లాడుకుందామా?”

“వద్దు సార్. ఆఫ్‌లైన్‌లనే నెలైంది.”

“సరే. ఓనర్ ఎవరు?”

మా దగ్గర ప్రతి బ్లాకర్ పక్కన దాన్ని తీయాల్సిన మనిషి పేరు రాస్తారు. అందరూ నా వైపు తిరిగారు. చెయ్యెత్తాను.

మధ్యాహ్నం మీటింగ్ రూమ్‌లో స్పీకర్ పెట్టి జడ్చర్లకు ఫోన్ చేశాను. చెప్పాల్సింది చెప్పాను.

“వాడేడి?” అన్నారు ఛాయాదేవి గారు.

“పక్కనే ఉన్నాడండీ. మాట్లాడట్లేదు.”

“చిన్నప్పుడు ఎక్కం రాకున్నా గిట్లనే నిలబడేటోడు. మీ నాయిన నంబరియ్యి బిడ్డా. ఆదివారం మేమొస్తం. వాడు రాకున్నా నడుస్తది.”

ఆనేకల్ వాళ్ళకు నాన్న మర్యాదగా వద్దని చెప్పాడు.

పెళ్ళై ఇరవై రెండు రోజులు. ఇప్పుడు మా వంటింట్లోనూ స్టాండప్ ఉంది.

“నిన్న?”

“గిన్నెలు తోమిన.”

“ఇవాళ?”

“పాలు తెస్త.”

“బ్లాకర్లు?”

అలవాటుగా నోరు తెరిచి, నా ముఖం చూసి ఆగాడు. “ఒకటున్నది. తొమ్మిదింటికి ఆఫీస్ బస్సు. నా షర్టు నీ చేతిల ఉన్నది.”

“ఓనర్ ఎవరు?”

“నువ్వే.”

కిటికీలోంచి బస్సు వెళ్ళిపోవడం ఇద్దరం చూశాం.