చప్పుడు లేని చోటు

కొండలకు పోవడానికి నాలుగు టికెట్లు కావాలని సాక్షి అడిగితే, ఓదెలు చెయ్యి దానంతట అదే కరీంనగర్ బస్సు చార్టు తీసి నాలుగు సీట్లకు సున్నాలు చుట్టేసింది.

"నేను కొండలన్న. కరీంనగర్ అనలే" అంది సాక్షి.

"అక్కడ గూడ ఉన్నయి గద, గుట్టలు."

"గుట్టలు గాదు. చల్లటి కొండలు. స్వెట్టరేసుకునే కొండలు."

ఓదెలు తప్పేం లేదు. కరీంనగర్ దిక్కు నుంచి వలసొచ్చిన నేతగాళ్ల పేట పద్మనగర్‌లో మే నెల వచ్చిందంటే జనం పోయేది ఒక్కచోటికే, ఊరికి. ఏడాదంతా బట్ట నేసి, ఎండలు ముదరగానే సాంచాలు బంద్ పెట్టి పెళ్లిళ్లకు పరుగెత్తుతారు. సాంచాలంటే మరమగ్గాలే, ఇక్కడి వాళ్లకు ఆ మాటే నోటికొస్తుంది. మూడేళ్ల నుంచి ఓదెలు అమ్ముతున్నవన్నీ ఊరి టికెట్లే. సెలవంటే కొండలకు పోయేదని అతనికి చెప్పిన మనిషి సాక్షి ఒక్కతే.

అతని బస్సు టికెట్ల కౌంటర్ సాక్షి వాళ్ల కార్ఖానా ముందుగది. వెనకాల పన్నెండు సాంచాలు. అవి నడుస్తుంటే గోడ వణుకుతుంది, బల్ల మీద పెట్టిన పెన్ను మెల్లగా జరిగి జరిగి కిందపడుతుంది. ఆ పెన్ను తీసివ్వడానికి సాక్షి రోజుకు రెండుసార్లన్నా వంగేది. ఇచ్చేటప్పుడు ఊరికే ఇవ్వదు. బీకాం చివరి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న పిల్ల, ఏదో ఒకటి అనకుండా ఉండలేదు. ఎక్కువగా అతని పేరు మీదే పడేది. రెండువేల నాలుగో సంవత్సరంలో కూడా ఓదెలు అని పేరేంది, మా బాపమ్మ తమ్ముడి పేరు లెక్క ఉంది అనేది. అది మొక్కు పేరనీ, ఓదెల మల్లన్నకు మొక్కితే పుట్టాననీ అతను చెబుతూనే ఉండేవాడు. దేవుడు ఇంకో పేరేదన్నా అడిగితే బాగుండేది అని ఆమె నవ్వి లోపలికి పోయేది.

ఆమె అట్లా పోయాక ఓదెలు గంటసేపు ఏ పనీ చేసేవాడు కాదు.

సంగతేంటంటే, అతనికి సాక్షి అంటే ప్రాణం. ఏడాదిగా ఇదే తంతు. ఎదురుగా ఉంటే నోట మాట రాదు. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు. సాక్షి టీ తీసుకుని కార్ఖానాలోకి వస్తే, ఇతను టికెట్ల పుస్తకం పట్టుకుని లోపలికి పోయి మూడో సాంచా అవతల నిలబడేవాడు. పన్నెండు సాంచాల మోతలో పక్కన పిడుగుపడ్డా వినపడదు. ఆ ధైర్యంతో మామూలు గొంతుతో అన్నీ చెప్పేసేవాడు. నువ్వంటే నాకు ఇష్టం సాక్షీ. ఆ పసుపు డ్రెస్సుల బంతిపువ్వు లెక్క ఉన్నవు. ఒకసారైతే మీ బాపు మీసం బూట్లు తుడిచే బ్రష్షు లెక్క ఉంటదని కూడా అన్నాడు. సాక్షి ఏంది అన్నట్టు కనుబొమ్మలెగరేసేది. ఇతను టికెట్ల పుస్తకం ఊపి చూపించి బయటపడేవాడు.

ఓదెలు సాంచాల మధ్య పెరిగినవాడు కాదు. వాళ్ల నాయన గట్టయ్య మాన్కోలి గోదాముల్లో మూటలు మోసేవాడు, ఇతనూ పద్దెనిమిదేళ్లదాకా అక్కడే మోశాడు. కార్ఖానాలో పనివాళ్లు అంత మోతలో కూడా దూరదూరంగా నిలబడి నోర్లు ఆడిస్తూ చేతులు తిప్పుతూ ఉంటే, పాపం సగం చెవుడు వచ్చిన మనుషులు అలవాటు కొద్దీ అరుచుకుంటున్నారనుకునేవాడు.

హోళీ తెల్లారి సాక్షి తండ్రి వెంకటేశం సేఠ్ కౌంటర్‌కొచ్చి ఒక మాట అన్నాడు. ఈసారి మే నెలలో ఊరికి పోతే సాక్షి సంబంధం ఖాయం చేసుకునే వస్తారట, జగిత్యాల పిలగాడట. ఓదెలు మంచిదన్నాడు. సేఠ్ పోగానే కార్ఖానాలోకి నడిచి, మూడో సాంచా అవతల నిలబడి, ఇవతల ఉన్న సాక్షిని చూస్తూ చెప్పాడు.

"ఊరికి పోకు సాక్షీ. ఎట్లనన్న జేసి పోకు."

ఆమె కనుబొమ్మలు ఎగరెయ్యలేదు. టీ గ్లాసులు తీసుకుని వెళ్లిపోయింది. పది రోజులకు వచ్చి కొండలకు నాలుగు టికెట్లు అడిగింది.

ఇంట్లో పెద్ద లడాయే జరిగిందట, ఆమే చెప్పింది. తల్లి సుందరలక్ష్మి ఇరవై ఏళ్లుగా కార్ఖానాలో నూలు కండెలు చుట్టి చుట్టి దూది దుమ్ముకు దగ్గు తెచ్చుకుంది. కొన్నాళ్లు చల్లటి గాలిలో ఉంచమన్నాడు డాక్టరు. ఊర్లో గాలి లేదా అన్నాడు వెంకటేశం. అప్పుడు సుందరలక్ష్మి పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి ఒకటి అడిగింది. ఊరికి పోతే అక్కడ ముప్పైమందికి వంట తనదే, దాన్ని సెలవని ఎవరంటారు, ఒక్కసారన్నా తనను చాయ్ పెట్టమని ఎవ్వరూ అడగని జాగలో కూర్చోవాలని. దాంతో వెంకటేశం మెత్తబడ్డాడు. నాలుగు రోజులు కొండలు, రాగానే మే పదిహేనున ఊరు, రెండింటికీ ఇప్పుడే టికెట్లు తీయమన్నాడు.

మే పదిహేను చార్టులో సాక్షి పేరు ఓదెలే రాశాడు, కిటికీ పక్క సీటు. రాసి పెన్ను బల్ల మీద పెట్టాడు. అది జరుగుతుంటే చూస్తూ కూర్చున్నాడు.

ఇక ఏ కొండలనేది తేలాలి. మాథేరాన్ అయితే దగ్గర, కళ్యాణ్ పోయి లోకల్ రైలు ఎక్కితే అయిపోయె అన్నాడు ఓదెలు. నువ్వెప్పుడన్నా పోయినవా అని అడిగింది సాక్షి. ఆ కళ్లు అట్లా పెద్దవి చేసి అడిగితే పోలేదని చెప్పే మొగవాడు ఎవడుంటాడు? మూడుసార్లన్నాడు. అంతటితో ఊరుకోలేదు. జీపు లాడ్జి గుమ్మంలో దించుతుందన్నాడు. ఎండాకాలంలో కూడా ఒక్కోరోజు మంచు పడుతుందన్నాడు. సాక్షి నవ్వకుండా జాబితాలో స్వెట్టర్లు అని రాసుకుంది.

అదే టైముకు వెనక నుంచి వెంకటేశం వచ్చాడు. అంతా విన్నాడు. మీసం దువ్వుకుంటూ అన్నాడు.

"మూడుసార్లు పోయినవంటే మంచిదాయె. నువ్వు గూడ రా, తొవ్వ చూపెడుదువు. టికెట్లు అయిదు తియ్."

ఓదెలుకు సంతోషమూ భయమూ ఒకేసారి పుట్టాయి.

బయల్దేరిన రోజు సామాను చూస్తే అతనికి కళ్లు తిరిగాయి. సాక్షి బాపమ్మ, అంటే వెంకటేశం తల్లి సత్తెమ్మ, డెబ్బై ఏళ్ల మనిషి, ప్రయాణమంటే ఊరి ప్రయాణమొక్కటే ఎరుగును. ఊరికి కట్టినట్టే కట్టింది. సగం బస్తా బియ్యం, కిరసనాయిలు స్టవ్వు, మామిడికాయ తొక్కు జాడీ, అయిదు దుప్పట్లు, చుట్టాలకు పెట్టడానికి డజను తువ్వాళ్లు. కొండ మీద మనకు చుట్టాలెవరే అని కొడుకు మొత్తుకున్నాడు. ఎవరో ఒకరు మనోళ్లు ఉండకపోతరా, ఉత్త చేతులతోని ఎట్ల పోతం అని ఆమె ఒక్క తువ్వాలు కూడా తియ్యనివ్వలేదు.

నేరళ్‌లో లోకల్ దిగి జీపెక్కారు. జీపు కొండ మీదికెక్కి, దస్తూరి నాకాలో ఆగిపోయింది. అక్కడి నుంచి బండ్లు పోవు. గుర్రాలు, మనుషులు లాగే రిక్షాలు, లేదంటే కాళ్లు. ఎర్రమట్టి దారి, చెట్ల మధ్య అట్లా పోతూనే ఉంది.

అందరూ ఓదెలు వైపు చూశారు.

"గుమ్మంల దించుతదంటివి?" అన్నాడు వెంకటేశం.

రూలు మారినట్టుంది సేఠ్ అన్నాడు ఓదెలు. అని, ఇంకో మాటకు తావియ్యకుండా సుందరలక్ష్మినీ సత్తెమ్మనూ రెండు రిక్షాల్లో ఎక్కించాడు. సత్తెమ్మ తొక్కు జాడీని ఒళ్లో పెట్టుకుంది. కూలీని మాట్లాడతానన్నాడు వెంకటేశం. ఓదెలు వద్దన్నాడు. నేను తెచ్చిపెట్టిన తిప్పలు, నేనే మోస్తానని బియ్యం బస్తా వీపుకెత్తి, దాని మీద దుప్పట్ల మూట వేసి, చేతిలో స్టవ్వు పట్టుకున్నాడు. మాన్కోలి వీపు, మరిచిపోలేదు.

వెంకటేశం ముందు నడుస్తున్నాడు. అప్పుడప్పుడు వెనక్కి తిరిగి చూస్తున్నాడు. తువ్వాళ్ల సంచి పట్టుకుని సాక్షి ఓదెలు పక్కన నడుస్తోంది. సగం దూరం వచ్చాక, మూడుసార్లు వచ్చినోడివి ఇంకెంత దూరమో చెప్పమంది. ఓదెలుకు చెమట కళ్లలోకి కారుతోంది. ఇంక అబద్ధం మొయ్యడం అతని వల్ల కాలేదు.

"ఒక్కసారి గూడ రాలే సాక్షీ. నువ్వు అడిగినవని పోయిన అన్న."

"తెలుసు."

"ఎట్ల?"

"మే నెలల మంచు పడ్తదన్నప్పుడే."

కాసేపు బస్తా దించి కూర్చోమంది. దించితే మళ్లీ ఎత్తలేనన్నాడు. ఆమె తన చున్నీ కొసతో అతని నుదుటి మీద చెమట తుడిచింది. తుడిచి, ఎర్రదుమ్ము పడిందని చున్నీనే తిట్టుకుంది. మిగిలిన దారిలో ఓదెలుకు బరువు తెలియలేదు.

మర్నాడు పొద్దున చూస్తే అందరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. ఎవరికీ నిద్ర పట్టలేదు. పద్మనగర్‌లో సాంచాలు నడుస్తుంటేనే నిద్ర, అవి ఆగితే కరెంటు పోయిందని మెలకువ వస్తుంది. ఇక్కడ చప్పుడే లేదాయె. వెంకటేశం రెండుసార్లు లేచి ఫ్యూజు పోయిందేమోనని బోర్డు వెతికాడట. సుందరలక్ష్మి మాత్రం నిద్ర లేకున్నా దగ్గు లేదని సంబరపడింది. లాడ్జి పిలగాడు చాయ్ తెచ్చి చేతికిస్తే, తాగకుండా చాలాసేపు గ్లాసును పట్టుకుని కూర్చుంది.

మూడో రోజు పొద్దున ఎకో పాయింట్‌కు పోయారు. సత్తెమ్మ గుర్రాలవాళ్లతో కలిసిపోయింది. భాష రాకపోయినా ఆమెకు మనోళ్లు దొరికారు, తువ్వాళ్లు పంచుతోంది. అరవై అడుగుల దూరంలో బల్ల మీద వెంకటేశం, సుందరలక్ష్మి కూర్చున్నారు. లోయ అంచున కటకటాల దగ్గర సాక్షి నిలబడింది. ఓదెలు పోయి పక్కన నిలబడ్డాడు.

రేపు దిగిపోవాలి. ఎల్లుండి పదిహేను. చెప్పాలంటే ఇప్పుడే చెప్పాలి. నోరు తెరిచాడు. ఆకు కదిలినా వినపడేంత నిశ్శబ్దం. నోరు మూసుకున్నాడు.

"చెప్పు" అంది సాక్షి, లోయలోకి చూస్తూనే.

"ఏంది?"

"మూడో సాంచా కాడ ఏడాది సంది చెప్తున్నవ్ గద. గదే."

ఓదెలు కటకటాలు గట్టిగా పట్టుకున్నాడు. అది ఎట్ల ఇనవడింది నీకు అని మెల్లగా అడిగాడు.

వినపడలేదంది సాక్షి. సాంచాల దగ్గర పుట్టినోళ్లు చెవులతో వినరు, పెదవులు చూసి మాట తెలుసుకుంటారు. కార్ఖానాలో పనివాళ్లు మాట్లాడుకునేది అట్లాగే. అమ్మ కండెలు చుట్టుకుంటూ అక్కడి నుంచి తిడితే తను ఇక్కడి నుంచి జవాబు చెప్పేదట, అక్షరాలు రాకముందే వచ్చిన విద్య.

ఏడాదిగా తను అన్నవన్నీ ఓదెలుకు వరసగా గుర్తుకొచ్చాయి. బంతిపువ్వు గుర్తుకొచ్చింది. ఆ తర్వాత ఇంకొకటి గుర్తుకొచ్చి ముఖం పాలిపోయింది.

"మీ బాపు మీసం..."

"అది బాపు గూడ చూసిండు. ఆ రోజంత అద్దం ముంగట్నే ఉన్నడు."

అతనికి లోయలో దూకాలనిపించింది. మరి ఇన్నాళ్లూ తెలిసినట్టు ఎందుకు చెప్పలేదని అడిగాడు. సాక్షి మొదటిసారి అతని వైపు తిరిగింది. ఆ కళ్లలో అల్లరి లేదు.

"చెప్తే నువ్వు మాట్లాడుడు బంద్ జేస్తవని. రోజు చాయ్ తెచ్చుడు అందుకే. ఊరికి పోకు అన్నవ్. నేను పోకుంట ఎట్ల ఆపాల్నని పది రోజులు ఆలోచించిన. డాక్టర్ చల్లగాలి అన్నడు గని, కొండలని అమ్మకు చెప్పింది నేను. నాలుగు రోజులు దొరికినయ్. రెండు నువ్వే పోగొట్టినవ్. ఇక్కడ చప్పుడు లేదు ఓదెలూ. ఒక్కసారి ఇనవడేటట్టు చెప్పు."

ఓదెలు చెప్పాడు. వినపడేటట్టే చెప్పాడు.

"నువ్వంటే నాకు పాణం సాక్షీ. ఆ బస్సు చార్టుల నీ పేరు ఇంకొకని ఊరికి నేను రాయలేను. మీ బాపును అడుగుత. కాదంటే మల్ల మల్ల అడుగుత."

సాక్షి కళ్లు నిండాయి. నవ్వింది. నవ్వుతూనే పక్కకు చూసి ఆగిపోయింది. ఓదెలు తిరిగి చూశాడు. అరవై అడుగుల అవతల బల్ల మీద వెంకటేశం, సుందరలక్ష్మి ఇద్దరూ వీళ్లనే చూస్తున్నారు. ఎంతసేపటి నుంచి చూస్తున్నారో. ఇద్దరూ సాంచాల దగ్గర బతికినవాళ్లే.

ఇక అడగడానికేం మిగల్లేదు.

వెంకటేశం లేవలేదు, అరవలేదు. కూర్చున్నచోటు నుంచే పెదవులు కదిలించాడు. గొంతు లేదు, మీసం మాత్రం కదులుతోంది. చాలాసేపు కదిలింది. సుందరలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, దగ్గుకు కాదు.

"ఏమంటున్నడు?" అడిగాడు ఓదెలు.

సాక్షి ఒక్కొక్క మాటా చదివి చెప్పింది.

"పిలగాడు అబద్ధమైతే చెప్పిండు గని, ఎత్తిన బస్తా తొవ్వల దించలే అంటున్నడు... మూడుసార్లు వచ్చిన్నంటే అప్పుడే దొరికిపోయిండట, ఎట్ల నిలవడ్తడో సూద్దామనే తోల్కొచ్చిండట... మనం ఊరికి పోతమట, గని పదిహేనుకు గాదు. జగిత్యాలోళ్లకు ఫోన్ చేసి వద్దని చెప్పినంక పోతమట. నాలుగు గాదు, ఆరు టికెట్లట. మీ నాయనను గూడ తోల్కరమ్మంటున్నడు."

ఓదెలు వేళ్ల మీద టికెట్లు లెక్కపెట్టుకున్నాడు.

"ఇంకోటి. ఇగ సేఠ్ అని పిలవద్దట."

"మరి ఏమని పిలవాల్నట?"

"అది నేను చెప్పేదా?"

ఓదెలు బల్ల వైపు తిరిగాడు. గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. ఏడాదిగా చప్పుడు చాటున దాక్కున్న మనిషి, మాన్కోలిలో లారీ అవతలి వాళ్లను కేకేసినట్టు గొంతెత్తి పిలిచాడు.

"మామా!"

లోయ అవతలి కొండ అదే మాటను తిరిగి పిలిచింది, ఒకసారి, రెండోసారి, మూడోసారి. గుర్రాలవాళ్లు తలెత్తి చూశారు. వెంకటేశం చెవులు మూసుకుని, సుందరలక్ష్మి వైపు తిరిగి ఏదో అన్నాడు. ఈసారి దాన్ని చదవడం ఓదెలుకు కూడా వచ్చింది. వినపడ్డది అంటున్నాడు.