గేటు దగ్గర ఆగిన కారు

జనం పరుగెత్తుకొచ్చేసరికి ఆదాము సైకిల్ చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ఆదాము మాత్రం కదల్లేదు.

శుక్రవారం సాయంత్రం 6:40. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రోడ్డు. గుద్దిన తెల్లకారు ఆగలేదు. నంబరు ఒకాయన చూశాడు.

తెనాలిలో మెకానిక్ వాసిం కారు అది. అతను పనిచేసే షెడ్డులోనే దొరికింది. ఎడమ హెడ్‌లైటు పగిలి ఉంది.

శనివారం ఉదయం ఎస్సై నిర్మల లాకప్‌లో ఉన్న వాసిం ముందు నిలబడింది.

"ఆ టైములో ఎక్కడున్నావ్?"

"బాపట్లలో మేడమ్. ట్రైన్‌లో వెళ్ళా."

"టికెట్?"

"పారేశా."

"ఫోన్?"

"ఛార్జింగ్ పెట్టి షెడ్డులోనే మర్చిపోయా."

"ఎవర్ని కలిశావ్?"

"ఎవర్నీ కలవలేదండి. స్పేర్‌పార్ట్స్ షాపు మూసేసుంది. తిరిగొచ్చేశా."

ఒక్క సాక్షి లేడు. నాలుగింటికి కోర్టుకు తీసుకెళ్ళాలి. బయట మెట్ల మీద వాసిం తల్లి నూర్ బీ పొద్దుటి నుంచీ కూర్చునే ఉంది. కొడుకుతో పాటు షెడ్డులో పనిచేసే మోషే టిఫిన్ తెచ్చి, బతిమాలి, నాలుగు ముక్కలు ఆమె నోట్లో పెట్టి వెళ్ళాడు.

"నేనే చేశానని ఒప్పుకుంటే అమ్మని ఇంటికి పంపేస్తారా మేడమ్?" అన్నాడు వాసిం.

నిర్మల ఆలోచనలో పడింది. తప్పు చేసినవాడు తనకోసం బేరమాడతాడు. వీడు అమ్మ కోసం చేతులెత్తేస్తున్నాడు.

ఆమె మళ్ళీ వీడియో పెట్టింది. ఆ రోడ్డు మీది రైల్వే గేటు పక్క కిరాణాకొట్టు కెమెరా. నంబరు కోసం ఎన్నిసార్లో చూసిందే. డ్రైవరు మొహం కనపడదు. ఈసారి నంబరు వదిలేసి కారును చూసింది.

6:12. గేటు పడింది. అందరూ ఇంజన్లు ఆపారు. తెల్లకారు కూడా ఆగింది. 6:17. గేటు లేచింది. అందరూ కదిలారు. తెల్లకారు కదల్లేదు. వెనక హారన్లు. బైకులు పక్కనుంచి తప్పుకుపోయాయి. 6:31కి గానీ అది స్టార్టవలేదు. అయ్యీ అవగానే దూసుకుపోయింది.

"నీ కారుకేమైంది వాసిం?"

వాసిం తల దించుకున్నాడు.

"స్పీడు కోసం పెద్ద ఫ్యూయల్ పంప్ వేశానండి. అది పెట్రోలు ఎక్కువ తోస్తుంది. ప్రెషర్‌ని అదుపు చేసే రెగ్యులేటర్, మిగిలింది ట్యాంకులోకి పోయే పైపు, రెండూ పాతవే. ప్రెషర్ పెరిగిపోతోంది. వేడి మీద ఇంజన్ ఆపితే లోపల పెట్రోలు కారి నిండిపోద్ది. ఆరేదాకా స్టార్టవదు. కొత్త రెగ్యులేటర్ కోసమే బాపట్ల వెళ్ళా."

"గేటు పడితే ఏం చేస్తావ్?"

"ఆపనండి. ఆన్‌లోనే ఉంచుతా."

"ఈ సంగతి ఎవరికి చెప్పావ్?"

"ఎవరికీ చెప్పలేదండి. మెకానిక్ బండే మొరాయిస్తోందంటే నవ్వుతారు."

నిర్మల లేచింది. గేటు దగ్గర ఇంజన్ ఆపినవాడు వీడు కాదు. కారు తాళం షెడ్డులో మేకుకే వేలాడుతుంది. అందేది మరో ఇద్దరికే. షెడ్డు ఓనర్ బ్రహ్మానందం, మోషే. ఆ కారు ఎప్పుడూ తోలలేదని ఇద్దరూ స్టేట్‌మెంట్ ఇచ్చారు.

ముందు బ్రహ్మానందాన్ని పిలిచింది. స్టేషన్ ముందున్న ఆ కారులో ఒక రౌండ్ వేసి రమ్మంది. ఆయన వచ్చి, ఇంజన్ ఆపి, తాళం చేతికిచ్చాడు. మళ్ళీ స్టార్ట్ చేయమంటే కారు దగ్గి ఊరుకుంది. పెట్రోలు వాసన గుప్పుమంది.

"ఇదేం రోగమమ్మా దీనికి?" అన్నాడాయన తెల్లబోయి. నిర్మల ఫోన్ తీసుకుని ఆయన్ని స్టేషన్ లోపలే కూర్చోబెట్టింది.

మధ్యాహ్నం మోషే క్యారేజీతో వచ్చేసరికి కారు చల్లారింది. నిర్మల క్యారేజీ నూర్ బీ పక్కన మెట్టు మీద పెట్టించి, అతన్నీ ఒక రౌండ్ పంపింది. తిరిగొచ్చి, ఇంజన్ ఆన్‌లోనే ఉంచి దిగాడు.

"ఆపేసి తాళం ఇవ్వు."

"ఇప్పుడాపితే మళ్ళీ స్టార్టవదు మేడమ్, కాసేపు..."

మాట సగంలో ఆగింది.

"వాసిం ఎవరికీ చెప్పలేదు. మీ ఓనరుకే తెలీదు. నిన్న గేటు దగ్గర ఆపినవాడికీ తెలీదు. పద్నాలుగు నిమిషాల తర్వాత తెలిసింది. నీకెలా తెలుసు మోషే?"

మోషే ఇంజన్ ఆపి తాళం ఆమె చేతికిచ్చాడు.

"రేపల్లె ఆస్పత్రిలో అక్కకి సీరియస్ అన్నారండి. గేటు దగ్గరే ఆలస్యమైపోయింది. ఆ కంగారులో..."

నిర్మల లాకప్ తాళం తీయించింది. వాసిం బయటికొచ్చాడు. నూర్ బీ కొడుకుని పట్టుకుని వదల్లేదు. చాలాసేపటికి మోషే వైపు తిరిగింది.

"లోపలున్నది నీ బదులేనని తెలిసీ, నాకెట్టా తినిపించావురా?"

మోషే తెచ్చిన క్యారేజీ మూత తీయకుండానే ఆ మెట్టు మీద ఉండిపోయింది.