అద్దానికి లోపలివైపు

“మా నాయన్ని చంపింది నీ బ్రేకే కదప్పా?”

కలాసిపాళ్యం షెడ్డులో సుత్తి చప్పుళ్లు ఆగిపోయాయి. కారు కింద పడుకొని పనిచేస్తున్న ఓబళప్ప బయటికి వచ్చి నిలబడ్డాడు. ఎదురుగా సొన్నమ్మ. ఆమె తండ్రి, కారు డ్రైవరు పిల్లప్ప పోయి పదమూడు రోజులు. నిన్ననే కర్మ ముగిసింది.

రెండు నెలల కిందట ఇదే షెడ్డుకు తండ్రికి సద్ది తెచ్చిన పిల్ల ఆమె. ఓబళప్ప ముక్కు మీది నల్ల మరక చూసి, “బండికి పూసే నూనె నువ్వే పూసుకుంటే బండి ఎట్లా నడుస్తాదప్పా?” అని నవ్వింది. ఆ నవ్వు చూసే పిల్లప్ప, “మాఘంలో తాంబూలాలు మార్చుకుందాం” అని ఓబళప్పకు మాట ఇచ్చాడు.

“నాయన పోయేదానికి వారం ముందే కదా బ్రేకు బిగించినావు?”

“బిగించినాను.”

“మరి బండి పోయి గోడకు ఎట్లా కొట్టుకున్నాది?”

చెప్పవలసిన మాట ఓబళప్ప నోటిదాకా వచ్చింది. చేతిలోని మసిగుడ్డను చూస్తూ ఆ మాటను మింగాడు.

“నా చేతి తప్పే,” అన్నాడు.

సొన్నమ్మ అరుస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె అరవలేదు. “అట్లయితే నాయన ఇచ్చిన మాట కూడా ఆయనతోనే పోయినాది అనుకో,” అని చెప్పి వెళ్లిపోయింది.

షెడ్డు యజమాని గంగప్ప ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత, “బ్రేకు సరిగా బిగించనోణ్ణి పెట్టుకుంటే నా దగ్గరికి ఎవరొస్తారు ఓబళా? పిల్లప్ప నడిపిన ఈ బండి రిపేరి ముగించి షావుకారి వాకిట్లో నిలబెట్టు. అదే నీ ఆఖరి పని,” అన్నాడు.

ఆ కారు చామరాజపేట జవుళి వ్యాపారి వెంకటగిరియప్పది. రెండో ప్రపంచ యుద్ధం వల్ల పెట్రోలు రేషనులోనే దొరికేది. అందుకని కారు వెనక బొగ్గు పొయ్యి బిగించి, దానిలో పుట్టే గ్యాసుతో నడిపేవారు. పదకొండేళ్లు దాన్ని నడిపింది పిల్లప్పే. వెంకటగిరియప్ప ఇంటి వెనక రెండు గదుల్లో అతని సంసారం.

ప్రతి శుక్రవారం సొన్నమ్మ కారు కడిగి, బొట్టు పెట్టేది. తర్వాత అద్దాలన్నీ మూసి లోపల సాంబ్రాణి కుండ ఉంచేది. పొగ నిండేదాకా తలుపు తీయకూడదు. తీసిన తర్వాత పిల్లప్ప ఆ పొగలోకి తల పెట్టి కళ్లు మూసుకొని దండం పెట్టేవాడు. దోవలో తండ్రికి ఏ కీడూ జరగకూడదనే ఆ పిల్ల కోరిక. ఆ కోరికలో ఏ లోపమూ లేదు.

ఆ శుక్రవారం పొద్దున ఓబళప్ప కారు తెచ్చి, తూర్పు గేటుకు ఎదురుగా తిప్పి నిలిపాడు. గోడకు కొట్టుకున్నా దాని ముందరి అద్దం పగలలేదు. కొత్త డ్రైవరు తొమ్మిదింటికి వస్తాడు. ఈలోగా పూజ జరగాలని సొన్నమ్మ తల్లి మునివెంకటమ్మ పట్టుబట్టింది. సొన్నమ్మ బకెట్టు తెచ్చి, ఓబళప్ప ముఖం చూడకుండా కారు కడగసాగింది. అతడు ఒక సీసా, పాత పేపర్లు పట్టుకొని గేటు దగ్గర నిలబడ్డాడు.

డ్రైవరు సీటులో ఆమె ఎన్నడూ కూర్చోలేదు. అది తండ్రి చోటు. ఆ రోజెందుకో కూర్చుంది.

గోడ మీదుగా ఎండ పైకి వచ్చింది. ముందరి అద్దమంతా పాలు పోసినట్టు తెల్లబడింది. గేటు కనబడలేదు. గేటు ముందు నిలబడ్డ మనిషీ కనబడలేదు.

ఆమె దిగి అద్దాన్ని బయటినుంచి మళ్లీ తుడిచింది. ఎక్కి చూస్తే అంతే. ఈసారి కొంగుతో లోపలివైపు రుద్దింది. కొంగుకు పసుపు, నలుపు కలిసిన జిడ్డు అంటింది. వాసన చూసింది.

సాంబ్రాణి.

“ఓబళప్పా,” అని పిలిచింది. “నాయన ఆ పొద్దు ఏ దిక్కుకు పోతా ఉండె?”

“తూర్పుకు.”

“ఎప్పుడు?”

“ఇదే పొద్దులో.”

“ఆ పొద్దు బ్రేకు బాగుండె కదా?”

అతడు తల వంచుకున్నాడు. “బాగుండె.”

“నీకు తెలుసు.”

“మర్నాడు బండిని ఎడ్లకు కట్టి లాగిస్తా ఉంటే స్టీరింగు పట్టింది నేనే. ఎండకు ఎడ్లు కూడా కనబడలేదు. మీ నాయనకు ముందే చెప్పినాను, తుడుస్తానంటే ఒప్పుకోలేదు. ‘నా బిడ్డ వేసిన సాంబ్రాణి. దాన్ని తుడిచేస్తే కాపలా పోతాది’ అన్నాడు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నీకెట్లా చెప్పేది సొన్నమ్మా? షెడ్డులో తుడిస్తే నలుగురికీ తెలిసిపోతాది. కొత్త డ్రైవరు రాకముందే, నీకు తెలీకుండా తుడిచి పోదామని స్పిరిట్ తెచ్చినాను.”

ఆమె స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చింది. తండ్రి ఎదకు తగిలింది ఆ స్టీరింగే. ఓబళప్ప దూరంగానే నిలబడ్డాడు.

“ఆ జిడ్డులో బొగ్గు పొగ ఉండాది. ఆయన బీడీ పొగ ఉండాది. ఇందులో ఎవరిది ఎంతో దేవుడే చెప్పల్ల,” అన్నాడు.

“చెప్తాడా?”

అతడు సీసా మూత విప్పాడు.

ఆమె ముఖం తుడుచుకుంది. “సీసా ఇట్లా ఇవ్వు. వచ్చే డ్రైవరుకూ బిడ్డలుంటారు.”

ముందు కుంకుడు నురుగుతో జిడ్డు తీశారు. తర్వాత స్పిరిట్ గుడ్డ. చివరికి నలిపిన పేపరు.

“నువ్వు లోపల పైనుంచి కిందికి తుడు. నేను బయట అడ్డంగా తుడుస్తాను. గీత మిగిలితే అది ఏ వైపుదో తెలుస్తాది,” అన్నాడు ఓబళప్ప.

ఇద్దరూ అద్దానికి చెరొక వైపు తుడిచారు. మొదట అతని చెయ్యి కనబడింది. తర్వాత కళ్లు. ఆ కళ్లూ ఏడ్చినవేనని ఆమెకు అప్పుడు తెలిసింది.

“అడ్డ గీత ఉండాది. నీ వైపుది,” అంది.

“యాడ?”

“ముక్కుకు నేరుగా. ముక్కు మీద కూడా ఒకటి ఉండాది. అది మాత్రం స్పిరిట్‌కు పోయేటట్టు లేదు.”

అతడు ముక్కు తుడుచుకున్నాడు. మరక పెద్దదయింది.

మునివెంకటమ్మ సాంబ్రాణి కుండతో వచ్చింది. సొన్నమ్మ దిగి, తల్లికి అద్దం సంగతి ఏదీ దాచకుండా చెప్పింది. వింటున్నంతసేపూ కుండలో పొగ లేస్తూనే ఉంది.

“అద్దాలు మూసి పొగ వెయ్యమని నీకు నేర్పింది నేనే కదే,” అంది తల్లి చివరికి. వంగి, కుండను కారు ముందర నేల మీద పెట్టింది. పొగ గాలికి పైకి పోయింది.

“షావుకారికి ఇప్పుడే చెప్తాను,” అంది సొన్నమ్మ. “షెడ్డుకూ వస్తాను. అందరి ముందర అడిగినాను, అందరి ముందరే చెప్పల్ల.”

మునివెంకటమ్మ ఓబళప్పను తేరిపార చూసింది. “ఏడాది తిరగనీ నాయనా. ఆయన ఇచ్చిన మాట యాడికీ పోలేదు. అంతదాకా ప్రతి శుక్రవారం వచ్చి ఈ అద్దం తుడిచిపో.”

ఓబళప్ప గుడ్డ మడిచాడు. “బయటివైపు నేను తుడుస్తానమ్మా. లోపలివైపు?”

“నేనుండాను,” అంది సొన్నమ్మ.